సీలేరమ్మకు నైట్ డ్యూటీ

విశాఖలో గిగావాట్ స్థాయి డేటా సెంటర్ పెడతామని 2025 అక్టోబరు 14న గూగుల్ ప్రకటించింది. ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడి అంది. ఆ మర్నాటికల్లా వాట్సాప్ నిండా విద్యుత్ ఇంజనీర్లు మొలిచారు. ‘కరెంటుకేం లోటండీ! కొండల్లో సీలేరు లేదూ? నీళ్లు దూకుతాయి, చక్రం తిరుగుతుంది. పొగ రాదు, బూడిద రాదు, బొగ్గు కొనక్కర్లేదు. ఇంతకన్నా మడి కట్టుకున్న కరెంటు ఎక్కడ దొరుకుతుంది?’

భేషైన ఆలోచన. సీలేరమ్మను ఉద్యోగంలో పెట్టేద్దాం. చేర్చుకునే ముందు ఉద్యోగ షరతులు చదివి వినిపించడం మర్యాద. యజమాని పేరు డేటా సెంటర్. రోజుకు 24 గంటలు, ఏడాదికి 8,760 గంటలు పని. సంక్రాంతి లేదు, ఆదివారం లేదు. వెయ్యి మెగావాట్లు నిలకడగా లాగాడంటే ఏడాదికి 876 కోట్ల యూనిట్లు అతని ఖాతాలో పడాలి.

ఇక అభ్యర్థి బయోడేటా. దిగువ సీలేరు 460 మెగావాట్లు, ఎగువ సీలేరు 240, డొంకరాయి 25. పైన 1955 నుంచి తిరుగుతున్న మాచ్‌ఖండ్ 120. మాచ్‌ఖండ్‌లో ఒడిశాకు వాటా ఉంది, కానీ ఇరుగుపొరుగువాళ్లం, అడక్కుండానే మన పేర రాసేసుకుందాం. మొత్తం 845. ఒక్క టర్బైనూ మరమ్మతు మాటెత్తకుండా, ఒక్క చుక్కా గైర్హాజరు కాకుండా రాత్రింబవళ్లు తిరిగినా ఆ ఒక్క ఖాతాదారుకే ఇంకా 155 మెగావాట్లు బాకీ పడతాం. ఉత్తరాంధ్రలో మిగతా జనం సంగతంటారా? పాపం వాళ్లు సర్వర్లు కారు కదా, సర్దుకుంటారు.

పైగా ఆ మెగావాట్లన్నీ ఉన్నది బోర్డు మీద. ఏట్లో ఉండేవి నీళ్లు, అవీ ఉన్నప్పుడే. 2023–24లో వానలు మొహం చాటేస్తే దేశం మొత్తమ్మీద జలవిద్యుత్తు అంతకు ముందేడాదికన్నా ఇంచుమించు ఆరో వంతు పడిపోయింది. సర్వరుకు కరువు సెలవు తెలీదు. ఎల్‌నినో వచ్చిందని చెప్పి ఏ చాట్‌బాటూ జవాబు చెప్పడం మానదు.

అసలు చిక్కు వేరే ఉంది. సీలేరమ్మ ఇదివరకే ఒకచోట కొలువులో ఉంది. ఆ నీళ్లు పొల్లూరు పవర్‌హౌస్‌లో చక్రం తిప్పి శబరిలో కలుస్తాయి, శబరితో పాటు గోదావరిలోకి, అక్కణ్నుంచి ధవళేశ్వరానికి. గోదావరి సన్నగిల్లే రోజుల్లో డెల్టా దాళ్వా వరి గట్టెక్కేది చాలావరకు ఈ నీళ్ల పుణ్యాన్నే. అందుకే సీలేరులో నీళ్లు ఎప్పుడు ఎంత వదలాలో జెన్‌కో ఒక్కటే తేల్చదు, ఇరిగేషన్ వాళ్లూ గొంతు కలుపుతారు. ఇప్పుడీ నీటిని డేటా సెంటర్ కోసం పన్నెండు నెలలూ ఒకే ధారగా వదిలామనుకోండి. జులైలో ధవళేశ్వరం గేట్లెత్తి గోదారిని సముద్రంలోకి తోస్తున్నప్పుడు దాని వెనకే మన సీలేరు నీళ్లూ సముద్రంలోకే పోతాయి. మార్చిలో చేను పొట్ట మీద ఉన్నప్పుడు రిజర్వాయరు అడుగు కనిపిస్తుంది. రైతు అడిగితే ఏం చెబుదాం? ‘నీ తడి క్లౌడ్‌లో ఉంది, పాస్‌వర్డ్ కొట్టి దింపుకో’ అందామా?

‘సీలేరు కాకపోతే శ్రీశైలం!’ అంటారు. శ్రీశైలంలో కుడి గట్టున 770, ఎడమ గట్టున 900 మెగావాట్లు. అంకెలు దివ్యంగా ఉన్నాయి. కాకపోతే అక్కడ ఇంటర్వ్యూకు రెండు రాష్ట్రాలు, ఒక నదీ బోర్డు, 854 అడుగుల మట్టం, బచావత్ ట్రిబ్యునల్ కాలం నాటి కాగితాలు కలిసి వస్తాయి. 2021లో ఇదే కరెంటు తగువుకు కృష్ణా ప్రాజెక్టుల దగ్గర ఇరు రాష్ట్రాల పోలీసులూ మోహరించారు. సర్వరు ఎందుకు ఆగిందని అమెరికా నుంచి ఫోనొస్తే ‘సార్, గట్టు మీద బందోబస్తు’ అని చెప్పడానికి ఒక మంచి ఇంగ్లిషు వచ్చిన కుర్రాణ్ని వేసుకోవాలి.

ఇంతకీ జలవిద్యుత్తు గొప్పతనం ఎక్కడుందో 2020 ఏప్రిల్ 5 రాత్రి దేశమంతా చూసింది, చూశామని తెలియకుండానే. కరోనా లాక్‌డౌన్ వేళ, తొమ్మిది గంటలకు తొమ్మిది నిమిషాలు దీపాలార్పమన్నారు ప్రధాని. డిమాండ్ ఒక్కసారిగా 31 వేల మెగావాట్లకు పైగా పడిపోయింది. బొగ్గు బాయిలరుకు అంత చురుకు లేదు. ఆ రాత్రి పాతిక నిమిషాల్లో 17,500 మెగావాట్లకు పైగా తగ్గి, దీపాలు వెలిగేసరికి మళ్లీ లేచి గ్రిడ్‌ను నిలబెట్టింది దేశంలోని జలవిద్యుత్ కేంద్రాలే. అనగానే ఆగడం, అనగానే లేవడం, సాయంత్రం ఆరు దాటాక సౌరశక్తి చేతులెత్తేస్తే భుజం పట్టడం, గ్రిడ్ కుప్పకూలితే మొదటి ప్రాణం పోయడం దాని పని. అలాంటిదాన్ని ఒక గిడ్డంగి ముందు ఎడతెగకుండా తిరుగుతూ కూర్చోమనడం, ఫైరింజనును పట్టుకెళ్లి పెళ్లిపందిట్లో నీళ్ల ట్యాంకరుగా నిలబెట్టడమే. నీళ్లయితే వస్తాయి, ఊరు అంటుకున్నప్పుడే తెలుస్తుంది.

దీనికీ ఒక మందుంది, పేరు ఒప్పందం. 2025 జులైలో గూగుల్ బ్రూక్‌ఫీల్డ్ సంస్థతో 3,000 మెగావాట్ల దాకా జలవిద్యుత్తు కొంటామని సంతకాలు చేసుకుంది. తొలి విడతలో పెన్సిల్వేనియాలో సస్క్వెహానా నది మీదున్న రెండు కేంద్రాలు, 670 మెగావాట్లు, ఇరవై ఏళ్లు, 300 కోట్ల డాలర్లకు పైమాట. ఆ రెంటిలో హోల్ట్‌వుడ్ 1910 నాటిది, సేఫ్ హార్బర్ 1931 నాటిది. ముత్తాతల కాలం నుంచి ఆ చుట్టుపక్కల ఊళ్లకు వెలుగిస్తున్నవే. లైసెన్సులు పొడిగిస్తారు, యంత్రాలు బాగుచేస్తారు, ఆయుష్షు పెరుగుతుంది. బావుంది, కాదనను. కానీ ఒప్పందం మీద సిరా ఆరినందుకు సస్క్వెహానాలో ఒక్క బిందెడు నీళ్లు పెరగవు. ఉన్న శుభ్రమైన యూనిట్లు సర్వరు ఖాతాలోకి వెళ్తాయి, మిగతా ఊరికి గ్యాసూ బొగ్గూ మిగులుతాయి. అత్త సొమ్ము అల్లుడు దానం చేయడమంటే ఇదే. పుణ్యం అల్లుడిది, పస్తు అత్తది. ఆ ప్రాంతపు పీజేఎం గ్రిడ్‌లో, సిద్ధంగా ఉన్నందుకు కేంద్రాలకిచ్చే కెపాసిటీ ధర మెగావాట్‌కు రోజుకు 28.92 డాలర్ల నుంచి 2025–26కు 269.92కు ఎగబాకింది. డేటా సెంటర్ల గిరాకీ అందుకు ముఖ్య కారణమని అక్కడి మార్కెట్ పర్యవేక్షకులే తేల్చారు.

ఆ లెక్క మనకు దించితే: సీలేరు యూనిట్లకు పచ్చరంగు సర్టిఫికెట్టు కట్టి డేటా సెంటర్‌కు ఇస్తాం. ఆ లోటు పూడ్చడానికి పరవాడలో సింహాద్రి థర్మల్ కేంద్రం మరో బొగ్గు రైలు దించుకుంటుంది. సర్వరుకు పుణ్యస్నానం, పరవాడకు బూడిదాభిషేకం.

‘పంప్డ్ స్టోరేజ్ ఉందిగా!’ అని ఇంకొకాయన లేస్తాడు. ఉంది. వంద యూనిట్లు పోసి నీళ్లు పైకి తోడితే డెబ్బయ్యయిదో ఎనభయ్యో తిరిగొస్తాయి. అది దాచుకునే గాదె, పండించే చేను కాదు. మధ్యాహ్నపు సౌరశక్తిని రాత్రికి జరపడానికి దివ్యంగా పనికొస్తుంది. అయితే ఆ సౌరశక్తి కొత్తగా పుట్టాలి, ఆ గాదెకు కొండ కావాలి. అల్లూరి జిల్లా ఆదివాసీలు ఈ ప్రాజెక్టులకు అడ్డం చెబుతున్నది ఊరికే కాదు. మాచ్‌ఖండ్ కోసం జలాపుట్ నీళ్ల కింద ఊళ్లు పోగొట్టుకున్న కొండలవి. అప్పుడు దేశ ప్రగతి కోసమన్నారు, ఇప్పుడు కృత్రిమ మేధ కోసమంటున్నారు. మునిగేవాళ్ల చిరునామా మాత్రం మార్చలేదు.

డేటా సెంటర్ రావద్దని కాదు నా గోల. వచ్చేవాళ్లు మూడు కాగితాల మీద సంతకం చేసి రావాలి. ఒకటి, వాడే ప్రతి యూనిట్‌కూ కొత్తగా కట్టిన శుభ్రమైన కరెంటు చూపాలి, పాత ఆనకట్టల మీద పేరు చెక్కించుకోకూడదు. రెండు, 2030 నాటికి ప్రతి గ్రిడ్‌లోనూ గంట గంటకూ కర్బనరహిత కరెంటే వాడతామని గూగుల్ 2020లో తానే చెప్పింది. ఆ గంటల పద్దు విశాఖలో బహిరంగంగా పెట్టాలి. మూడు, గ్రిడ్‌కు ఊపిరాడని వేళ సర్వర్ల పని తగ్గించుకుంటామని 2025 ఆగస్టులో అమెరికాలో రెండు విద్యుత్ సంస్థలకు గూగులే మాటిచ్చింది. అక్కడ ఇండియానాలో తగ్గగలిగినవాడు ఇక్కడ విశాఖ పక్కన తర్లువాడలో ఎందుకు తగ్గలేడు?

సంతకాలు పెట్టడం కుదరదంటే పోనీ, మొహమాటం లేకుండా గేటు మీద ఒక బోర్డు రాయించండి: ‘ఇచ్చట కృత్రిమ మేధ పరవాడ బొగ్గుతో ఆలోచించును.’