గిరి ప్రదక్షిణార్థులకు ఆకాశ విషయక హితోపదేశము

ఆషాఢ శుద్ధ చతుర్దశినాడు సింహాచలము కొండదిగువన తొలిపావంచా కడ కొబ్బరికాయ కొట్టి, అడవివరము మొదలుకొని ముడసర్లోవ, హనుమంతవాక, అప్పుఘర్, ఇసుకతోట, సీతమ్మధార, మాధవధార, ఎన్.ఏ.డి., గోపాలపట్నముల మీదుగా 32 కిలోమీటర్లు నడిచి మరల అప్పన్న సన్నిధికి చేరగోరువారికి దారి చెప్పువారు అడుగడుగున నుందురు. ఆ దారిలో వాన వచ్చునో రాదో చెప్పువారు అంతకు రెట్టింపు. వినువారికే కొదువ. కావున ఆ చెప్పుటనే ఒక శాస్త్రముగా కుదిర్చి, క్రొత్తగా నడకకు దిగువారి ఉపయోగార్థము ఇచ్చట పొందుపరుచుచున్నాను.

మొట్టమొదటి నియమము: గొడుగు తీసికొనిపోరాదు. "ఈ పూటకు వాన లేదులే" అని ఇంటిల్లిపాదికి అభయమిచ్చి, చంకలో గొడుగుతో గడప దాటువానిని కన్నబిడ్డలైనను నమ్మరు.

రెండవది: తొలిపావంచా కడ ఆకాశమువైపు చూడరాదు. అచ్చట నేలనిండ పగిలిన కొబ్బరిచిప్పలు. మీరు వట్టికాళ్లతో నున్నారు.

ఇక అసలైన విద్య, మబ్బును చూచి తీర్పు చెప్పుట. దీనికి దిక్కుతో పని లేదు. నడచుచు నడచుచు హఠాత్తుగా నిలువవలెను. వెనుకవచ్చువారు మీమీద పడినను చలింపక, కనుబొమలకు అరచేయి అడ్డము పెట్టి, ఏదో ఒక మూలకు తేరిపార జూచి, క్షణకాలము మౌనము వహించి, పిమ్మట "ఇది కురిసే మబ్బు కాదు" అని నెమ్మదిగా పలుకవలెను. ఆషాఢములో, నైరృతి ఋతుపవనము తూర్పుకనుమలను దాటి ఇటు దిగుచుండగా, పగటి ఎండకు కాగిన నేలమీదికి కడలినుండి తేమగాలి చొచ్చివచ్చి, సాయంతనమునకు ఎచ్చట ఏ మేఘము లేచి ఉరుమునో వాతావరణశాఖవారే ఆచితూచి చెప్పుదురు. కొండకు ఈవల ఎండ కాయుచుండగా ఆవల జల్లు పడుట ఇచ్చటివారికి వింత గాదు. అట్టిచోట తీర్పు చెప్పుటకు ధైర్యమెట్లు వచ్చునని మీరడుగవచ్చును. ఈ ప్రదక్షిణములో నున్న సౌకర్యమే అది. అడవివరములో చెప్పిన తీర్పు హనుమంతవాకలో తప్పునప్పటికి, విన్నవారు వేరొక గుంపులో కలిసిపోయి యుందురు. ఇప్పుడు చుట్టునున్న క్రొత్తవారితో, తడిసిన తల తుండుగుడ్డతో తుడుచుకొనుచు, "నేననుకొంటూనే ఉన్నాను" అనవచ్చును. సెల్లుఫోనులో మూడు చినుకుల బొమ్మ చూపించి మీతో వాదమునకు దిగు కుర్రవాడు ఒకడు ప్రతి గుంపులోను ఉండును. వానిని "బాబూ, నీ వయస్సెంత?" అని అడిగిన చాలును.

పంచాంగమును నమ్మువారికి వేరొక మాట. ఉగాదినాడే సిద్ధాంతిగారు ఆ యేటి వర్షమును సముద్రమునకు ఇన్ని పాళ్లు, పర్వతములకు ఇన్ని పాళ్లు, భూమికి ఇన్ని పాళ్లని పంచి పెట్టియుందురు. కొండ చుట్టు బయలుదేరి, ఊరి నేలమీద నడిచి, సముద్రపుటొడ్డును తాకివచ్చు మీకు ఆ మూడు వాటాలును ఒక్క దినముననే ముట్టును.

అయినను ఈ జోస్యమంతయు ఎందులకు? నా మట్టుకు నాకు తోచినది చెప్పెదను. మధ్యాహ్నపు తారు అరికాళ్లను కాల్చి, ఆ తారే వాన వెలిసినపిమ్మట నానిన పాదములకు గులకరాళ్లను ఒక్కొక్కటిగా అప్పగించునప్పుడు, మ్రొక్కుకొని బయలుదేరినవాడు నడకను నిందింపజాలడు. అక్షయతృతీయనాడు తప్ప ఏడాది పొడవునను చందనపుపూతలో చల్లగా నుండు స్వామిని నిందించుటకు బొత్తిగా నోరు రాదు. రమ్మని బలవంతపెట్టిన ఇల్లాలు ప్రక్కనే నడుచుచుండును. మారుమాటాడని వస్తువు ఆకాశమొక్కటి మిగిలినది. కాలు నొచ్చినకొలది మబ్బు మరింత నల్లగా కనబడును. నాకు సీతమ్మధార దాటిన తరువాత కనబడిన మబ్బులన్నియు ఈ జాతివే.

అప్పుఘర్ కడ మాత్రము ఈ శాస్త్రమునకు సెలవియ్యవలెను. ముడసర్లోవలో చినుకు పడగానే అంగడి చూరుక్రిందికి పరుగెత్తి, పంచె పైకెగగట్టి, చొక్కా తడియకుండ ప్లాస్టిక్ సంచి కప్పుకొని, జలుబును గూర్చి భార్యకు ఉపన్యసించిన పెద్దమనుష్యుడే, ఇచ్చటికి వచ్చుసరికి "గోవిందా!" యని బట్టలతో కూడ సముద్రములో మూడు మునకలు వేసి, మిగిలిన దారియంతయు ఆ తడిబట్టలతోనే, తొడలు ఉప్పునకు ఒరసికొనుచుండగా, జలుబు మాట తలపెట్టక నడచును. కారణ మడుగరాదు.

దారిప్రక్కన పందిళ్లలో మజ్జిగ ఇచ్చిన పుచ్చుకొనుడు, పులిహోర పెట్టిన తినుడు. ఎండైనను వానైనను ఇది మారదు.

"ఇంకెంత దూరము?" అని ఆ పందిళ్లవారిని అడుగవద్దు. "వచ్చేసారు బావూ, అదిగో, ఆ మలుపే" యందురు. హనుమంతవాకలోనూ అదే మలుపు, గోపాలపట్నములోనూ అదే మలుపు.

మరునాడు, పున్నమి దర్శనమై ఇల్లు చేరి కాళ్లు వేడినీళ్లలో పెట్టుకొనునప్పుడు, పొరుగువారు వచ్చి ఎట్లు జరిగినదని తప్పక అడుగుదురు. వాన పడినయెడల "అంత వాన నా జన్మలో చూడలేదు" అనుడు. పడనియెడల ఎండను అంతే చేసి చెప్పుడు. రెండును లేక ఆకాశము మిమ్ము మోసగించిన యేడు దిగులు పడవలదు, ఉక్క యున్నది. విశాఖపట్టణములో ఉక్క పోయలేదని మీతో వాదించుటకు ఆషాఢమాసమున ఎవరును సాహసింపరు.