కత్తెర ముట్టకుండా టేబుల్ రన్నర్ కుట్టే విధానం

కావలసిన వస్తువులు: బొమ్మ అచ్చువేసిన కలంకారీ ప్యానెల్ ఒకటి, అడుగున వేయడానికి మెత్తటి నూలు గుడ్డ, రెంటి మధ్య పరచడానికి పల్చటి దూది పొర, దారం, గుప్పెడు పిన్నీసులు, కుట్టుమిషను. కుట్టడానికి పట్టే సమయం రెండు మధ్యాహ్నాలు. కుట్టడం మొదలుపెట్టడానికి పట్టే సమయం మూడు నుంచి ఆరేళ్లు.

1. ప్యానెల్ కొనాలి

దీనికి తర్ఫీదేమీ అక్కర్లేదు. పెడన వెళ్లినప్పుడో, శిల్పారామంలో నడుస్తున్నప్పుడో, లేపాక్షి దుకాణం ముందు వానకు ఆగినప్పుడో చేయి దానంతటదే పని మొదలుపెడుతుంది. మట్టిరంగు నేల మీద పూలచెట్టు, కొమ్మల మీద ఇటొక నెమలి, అటొక నెమలి. ‘‘ఇది ఏం చేసుకుంటావే?’’ అని వెంట వచ్చిన అక్క అడుగుతుంది. ‘‘డైనింగ్ టేబుల్ మీదికి రన్నర్ కుడతానక్కా, మధ్యలో దూది పెట్టి.’’ ఆ మాట అనడంతోనే సగం రన్నర్ కుట్టేసినంత తృప్తి. మిగతా సగం బిల్లు కట్టేటప్పుడు కలుగుతుంది.

2. కొలతలు ఇంటికొచ్చాకే తీయాలి

రన్నర్ వెడల్పు బల్ల వెడల్పులో మూడోవంతు ఉంటే కంటికి బాగుంటుంది. రెండు చివరలా ఆరేసి అంగుళాలు కిందికి వేలాడాలి. అంటే ఆరడుగుల బల్లకు 84 అంగుళాల పొడుగు కావాలి. కొన్న ప్యానెల్ 45 అంగుళాలు. ఈ లెక్క దుకాణంలోనే వేసుకుంటే మళ్లీ వెళ్లే పని ఉండదు కాబట్టి అక్కడ వేయకూడదు. తీరా రెండోసారి వెళితే ఆ ఎరుపు ఉండదు. సహజ రంగుల అద్దకంలో ఒక కాగులో తేలిన ఎరుపు మరో కాగులో అచ్చంగా అలాగే రాదు. ఎరుపునిచ్చే వేరు పాతదా కొత్తదా, నీళ్లెలాంటివి, ఎండ ఎంత కాసింది, అన్నీ గుడ్డ మీద కనబడతాయి. అలా తెచ్చిన రెండో ప్యానెల్ మొదటిదానితో కలవదు. కలవలేదు కనుక మూడోది కొనాలి.

3. దాచాలి

బీరువాలో, పట్టుచీరల కింద, కవరుతో సహా. ఏటా దసరాకు బీరువా సర్దేటప్పుడు తీసి, విప్పి, తడిమి, ‘‘ఈ సెలవుల్లో తప్పకుండా’’ అనుకుని, పాత మడతల మీదే మళ్లీ మడతపెట్టాలి. పాత మడతల మీదే అన్నది ముఖ్యం. ఈ వ్యాసకర్త బీరువాలో అలాంటివి నాలుగున్నాయి. వాటిలో అన్నిటికన్నా పాతదానికి మడత వెంట రంగు వెలిసి, సరిగ్గా నెమలి మెడ మీదుగా ఒక తెల్లటి చార పోయింది. ఒక్కరోజైనా బల్ల ఎక్కకుండానే అది పాతబడిపోయింది.

4. ఉతక్కూడదు

కొత్త నూలు గుడ్డ మొదటి ఉతుకులో ముడుచుకుంటుంది, ముదురు రంగు కాస్తయినా దిగుతుంది. అందుకే కుట్టకముందే చల్లటి నీళ్లలో విడిగా జాడించి నీడన ఆరేయమంటారు తెలిసినవాళ్లు. ఉప్పునీళ్లలో నానబెడితే రంగు నిలుస్తుందనేది పక్కింటివాళ్ల సలహా. రంగును నిలబెట్టే పని అచ్చుపని నాడే కరక్కాయ, పటిక చేసేసి వెళ్లిపోయాయి. ఇప్పుడు ఉప్పు వచ్చి చేసేదేమీ లేదు. ఏదేమైనా ఆగే ఓపిక లేదు కాబట్టి ఉతక్కుండానే కుట్టేయాలి. ఎరుపు దిగేదేదో అంతా పూర్తయ్యాక, అడుగున వేసిన తెల్లగుడ్డలోకి దిగుతుంది.

5. కత్తెర దాకా వచ్చి ఆగాలి

ఈ మెట్టు మీద కాస్త ఎక్కువసేపు కూర్చోవచ్చు. చాలామంది ఇక్కడే స్థిరపడ్డారు.

కోయకపోవడానికి మంచి కారణమే ఉంది. చేత్తో అచ్చువేసిన ప్యానెల్ నలుచదరంగా ఉండదు. బల్ల మీద గుడ్డ పరిచి, టేకు చెక్కలో చెక్కిన అచ్చును రంగులో అద్ది, గుడ్డ మీద ఆనించి, అరచేత్తో ఒక్క గుద్దు గుద్ది, దాని పక్కనే మరో అచ్చు కలుపుతూ పోయే పని అది. కంటి అంచనాయే కొలబద్ద. అందుకే అంచులోని తీగ ఒక మూల బయల్దేరి రెండో మూలకు చేరేసరికి అర అంగుళం కిందికి దిగి ఉంటుంది. పోగు వెంట తిన్నగా కోస్తే తీగ వంకరగా కనబడుతుంది. తీగ వెంట కోస్తే గుడ్డ సాగుతుంది. చేయి తిరిగినవాళ్లు కాస్త తడిచేసి, మూలలు పట్టి లాగి, ఇస్త్రీతో కొంత సర్దుతారు. మిగిలిన తేడాలో బొమ్మ పక్షానే నిలబడి కోసి, చుట్టూ మరో గుడ్డ బోర్డరు వేసి వంకరను దాచేస్తారు. చేయి తిరగనివాళ్లు ప్యానెల్‌నే దాచేస్తారు.

నిజానికి ఈ గుడ్డను కోసిన చరిత్ర చిన్నదేం కాదు. 17వ శతాబ్దంలో మచిలీపట్నం రేవు నుంచి డచ్చివాళ్లు, ఇంగ్లిషువాళ్లు ఓడలకెత్తిన సరుకుల్లో అద్దకపు గుడ్డలు ముఖ్యం. కోరమాండల్ తీరంలో తయారైన వాటిలో పలంపోర్ అని ఒక రకం ఉండేది. మంచం మీద కప్పే పలంగ్‌పోష్ తెల్లవాళ్ల నోట్లో అలా మారింది. దుప్పటి మొత్తానికి ఒకటే బొమ్మ, నడిమధ్య పూలచెట్టు. ఇవాళ్టి ప్యానెల్‌కు అది ముత్తాత. ఈ గుడ్డల మోజులో తమ నేతగాళ్లు మునిగిపోతున్నారని ఫ్రాన్స్ 1686లో వీటిని నిషేధించి, 1759 దాకా ఆ నిషేధం ఎత్తలేదు. ఇంగ్లండు కూడా 1721లో కట్టడి చేసి 1774లో సడలించింది.

అంత ఖరీదైన, అంత అపురూపమైన గుడ్డను అక్కడి ఆడవాళ్లు ఏం చేశారయ్యా అంటే, కత్తెర పెట్టి పువ్వుకు పువ్వు, పిట్టకు పిట్ట విడదీశారు. తెల్లటి నూలు గుడ్డ మీద వాటిని ఎడమెడంగా అతికి కుట్టి, కింద దూది వేసి దుప్పట్లు చేసుకున్నారు. ఒక్క ముక్కతో మంచమంతా నింపే ఉపాయం అది. ఫిలడెల్ఫియాలో జాన్ హ్యూసన్ అనే అద్దకపు పనివాడు పూలకుండీ బొమ్మలు అచ్చువేస్తే అవి దుప్పట్ల నడిమధ్యకు ఎక్కాయి. ఇంగ్లండులో మూడో జార్జి రాజు ఏలుబడికి యాభై ఏళ్లు నిండాయని 1810 ప్రాంతంలో ప్రత్యేకంగా ఒక ప్యానెల్ వచ్చింది.

ఏడు సముద్రాల అవతల వేలు పోసి కొన్నవాళ్లు కోసుకున్నారు. బందరు బస్సెక్కి వెళ్లి కొన్నవాళ్లు కలరా ఉండలు వేసి కాపలా కాస్తున్నారు.

6. ముహూర్తం కోసం చూడాలి

వియ్యాలవారు ఆదివారం భోజనానికి వస్తున్నారని కబురొస్తే, శుక్రవారం రాత్రి కత్తెర దానంతటదే నడుస్తుంది.

7. పిన్నీసుల్లో పొదుపు పాటించాలి

దూది పొర, అడుగు గుడ్డ పైదానికన్నా నాలుగువైపులా రెండేసి అంగుళాలు ఎక్కువ ఉంచి, అరచెయ్యంత ఎడంలో ఒక్కో పిన్నీసు పెట్టాలని పుస్తకాలు చెబుతాయి. నాలుగు మూలలకు నాలుగు పెడితే తొందరగా అయిపోతుంది.

8. అంచు నుంచి మొదలుపెట్టి మధ్యకు కుట్టాలి

మధ్య నుంచి అంచులకు కుడితే ముడతలు బయటికి పోతాయి, కాబట్టి తమాషా ఉండదు. మిషను కింద ఉన్న పళ్లు అడుగు గుడ్డను వెనక్కి లాగుతుంటే, పైనుంచి పాదం అదిమిపట్టి పై గుడ్డను ఆపుతుంది. మూడు పొరలుండేసరికి పైది కొంచెం కొంచెంగా ముందుకు జరుగుతూ, చివరికి ఒకచోట పోగుపడుతుంది. పైపొరను కూడా లాగే పళ్లున్న వాకింగ్ ఫుట్ వేసి, కుట్టు మూడు మిల్లీమీటర్ల పొడుగు పెట్టుకుంటే ఈ బాధ చాలావరకు తప్పుతుంది. ఆ పాదం చాలా ఇళ్లలో ఉంది. మిషనుతోపాటు వచ్చిన డబ్బాలో, కవరు విప్పకుండా.

9. విప్పాలి

శనివారం తెల్లవారుజాము దాకా.

10. అంచు పని షాపుకి ఇవ్వాలి

రెండున్నర అంగుళాల పట్టీని రెండుగా మడిచి చుట్టూ కుట్టి, మూలల దగ్గర చక్కగా మలచడం ఒక విద్య. అది రానివాళ్లకు వీధి చివర ఫాల్, పికో కుర్రాడున్నాడు. శనివారం పొద్దున్నే వెళ్లిన ఒకావిడ చేతిలోది అటూ ఇటూ తిప్పి చూసి ఆ కుర్రాడు అడిగాడు: ‘‘బొంతకి పైపింగాండీ?’’

‘‘బొంత కాదు బాబూ, క్విల్టెడ్ రన్నర్.’’

‘‘అదేలేండమ్మా. పొరలు పెట్టి కుట్టడమే కదా. మా నాయనమ్మ కుట్టేది.’’

కుర్రాడు అన్నదాంట్లో అబద్ధం లేదు. అమ్మమ్మల బొంతకు ప్యానెల్ లేదు, టేపు లేదు. చిరిగిన నేతచీరలు రెండు మూడు వసారాలో పరిచి, పైన కాస్త గట్టిది వేసి, పెద్ద సూదితో ఈ కొస నుంచి ఆ కొసకు వరసలు వరసలుగా కుట్టేవాళ్లు. వరసలు వంకర పోయేవి. తెల్లదారం అయిపోయిన చోట నల్లదారం అందుకునేది. పసిపిల్లలు దాన్ని తడిపేవాళ్లు, అది చాకిరేవుకు వెళ్లొచ్చేది, పిగిలితే పైన మరో చీర పడేది. మంచిరోజు చూసి పరిచిన బొంత ఒక్కటీ లేదు. ఈ వ్యాసకర్త ఇంట్లో ఇప్పుడు అలాంటివి వెతికినా దొరకవు. అన్నీ వాడేశారు. ఉన్నవి ఆ నాలుగు ప్యానెళ్లే.

11. వడ్డించే ముందు తీసేయాలి

ఆదివారం పదకొండు గంటలకు రన్నర్ పరిచి, ఫొటోలు తీసి, ఊళ్లో ఉన్న చెల్లెళ్లకూ అమెరికాలో ఉన్న పిల్లలకూ పంపాలి. పప్పుచారు గిన్నె వంటింట్లోంచి బయల్దేరగానే చుట్టి బీరువాలో పెట్టేయాలి. పూర్తిగా తీసేయడానికి మనసొప్పనివాళ్లు పైన ప్లాస్టిక్ షీటు వేస్తారు. పికో కుర్రాడి దగ్గరికి వెళ్లిన ఆవిడ మొదటి పద్ధతే ఎంచుకుంది.

భోజనాలయ్యాక వియ్యపురాలు చేయి తుడుచుకుంటూ, ‘‘వదినగారూ, రన్నరేదో కుట్టారట, అమ్మాయి ఫొటో చూపించింది. ఏదీ?’’ అంది. ఆవిడ తాళాలు వెతికి బీరువా తీసింది. వియ్యపురాలు నెమలి తోక వెంట వేలు పోనిచ్చి, అడుగున కుట్టు పోగుపడిన చోట ఆగి, ఏమీ అనకుండా తిప్పేసింది.

‘‘నా దగ్గరా ఉందండీ, అచ్చం ఇలాంటి ప్యానెలే. కుట్టాలి కుట్టాలి అనుకుంటున్నా.’’

‘‘ఎప్పుడు కొన్నారు వదినగారూ?’’

‘‘అమ్మాయి కడుపులో ఉన్నప్పుడు.’’