ఫ్రీ అంటే ఎంత?

ఆషాఢం వచ్చింది. పెళ్లిళ్లు లేవు కాబట్టి చీరల కొట్లవాళ్లకి దానధర్మాల మీద మనసు మళ్లింది. మా వీధి చివరి కొట్టుకి 'ఒకటి కొంటే రెండు ఫ్రీ' అని మనిషెత్తు అక్షరాలతో బ్యానర్ కట్టారు. మా ఆవిడ లోపలికెళ్లి గంటన్నర తర్వాత మూడు చీరలతో బయటికొచ్చింది. ఒకటి కొన్నదట, రెండు ఫ్రీ అట. కొన్నది ఏదని అడిగితే చెప్పలేకపోయింది. బిల్లు చూస్తే నాకు మాత్రం మూడూ కొన్నవే అనిపించింది.

ఇంగ్లీషు నుంచి బోలెడు విశేషణాలు తెచ్చుకున్నాం గానీ, 'ఫ్రీ' అంత దర్జాగా మనింట్లో కాళ్లు చాపుకున్నది ఇంకోటి లేదు. పనీపాటా లేనివాడు ఫ్రీ. వదులుగా కుట్టిన జుబ్బా ఫ్రీ. కడుపులో మాట కక్కేస్తే ఫ్రీగా మాట్లాడినట్టు. చౌరస్తాలో 'ఫ్రీ లెఫ్ట్' బోర్డుంటుంది, దాని కిందే నేరుగా వెళ్లాల్సిన ఆటో అడ్డంగా నిలబడి ఉంటుంది. క్రికెట్లో ఫ్రీ హిట్టూ అంతే, రనౌట్ అయితే ఇంటికే. 'మోషన్ ఫ్రీగా అవుతోందా?' అని డాక్టరు అడుగుతాడే, షరతులు లేని ఫ్రీ నాకు తెలిసి అదొక్కటే. అదీ అయినవాళ్లకి.

పేరు వెనక చేరిందంటే ఈ మాటకి ఎక్కడలేని తిక్క పుడుతుంది. పేస్టుతో బ్రష్ ఫ్రీ అంటే బ్రష్ ఉన్నట్టు. బిస్కెట్ షుగర్ ఫ్రీ అంటే షుగర్ లేనట్టు. బొత్తిగా లేదనీ కాదు, మన దేశపు ఆహార ప్రమాణాల ప్రకారం 100 గ్రాముల్లో 0.5 గ్రాము దాటకపోతే లేనట్టే లెక్క. మా బావగారు ఆ పొట్లాం చూపించి మరీ ఎనిమిది బిస్కెట్లు తింటారు. అందులో మైదా ఎంతుందో పొట్లాం ముందు వైపు రాయలేదు మరి.

అసలు విడ్డూరం ఈ మాట పుట్టుకలో ఉంది. సంస్కృతానికీ గ్రీకు, లాటిన్ భాషలకీ ఒకే తల్లి ఉండి ఉంటుందని విలియం జోన్స్ 1786లో కలకత్తాలో చెప్పాడు. తర్వాతి పండితులు ఆ తీగ లాగితే కదిలిన డొంకలో ఇంగ్లీషు 'ఫ్రీ', సంస్కృత 'ప్రియ' తోబుట్టువులని తేలింది. 'ఫ్రెండ్' కూడా ఆ ఇంటివాడే. ప్రియమైనవాళ్లంటే సొంతవాళ్లు, సొంతవాళ్లంటే బానిసలు కానివాళ్లు, అలా అక్కడ స్వేచ్ఛ అర్థం పుట్టిందంటారు. డబ్బు కట్టనక్కర్లేదనే అర్థం ఆ తర్వాత వచ్చి చేరింది. ఇక రెండో బిడ్డ మన వైపు వచ్చి ఏమైందో చూడండి. తెలుగులో 'ప్రియం' అంటే ఖరీదెక్కువ! తెలంగాణలో 'పిరం'. ఒకే కడుపున పుట్టి ఒకడు ఊరకే వస్తాడు, ఇంకొకడు చేతికందడు. చీరల కొట్టు బ్యానర్ మీద అన్న పేరు రాసి, బిల్లు మీద తమ్ముడిని కూర్చోబెడతారు.

మనకీ 'ఉచితం' ఉంది కదా అనొచ్చు. దాని అసలు అర్థం 'తగినది' అని. ఉచితానుచితాలు అంటామే, అది. ఉచితంగా వచ్చేది ఉచితమా కాదా అనే ప్రశ్న ఆ మాటలోనే ఉంది. ఎవరూ అడగరు కాబట్టి నడిచిపోతోంది.

ఈ తిరకాసుకి బాగా బలైనవాడు రిచర్డ్ స్టాల్‌మన్. వాడుకోవడానికీ మార్చుకోవడానికీ పంచుకోవడానికీ స్వేచ్ఛ ఉండే సాఫ్ట్‌వేర్ కావాలని 1985లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ పెట్టాడు. జనం 'ఓహో, డబ్బులక్కర్లేదన్నమాట' అనుకున్నారు. అది కాదర్రా అని చెప్పడమే ఆయనకి సగం ఉద్యోగమైంది. హైదరాబాదులో ఆ ఉద్యమాన్ని తలకెత్తుకున్నవాళ్లు తెలివైనవాళ్లు, తమ సంస్థకి 'స్వేచ్ఛ' అనే పేరు పెట్టుకుని గొడవ వదిలించుకున్నారు. ఫేస్‌బుక్ దారి దీనికి పూర్తిగా తలకిందులు. 2015లో 'ఫ్రీ బేసిక్స్' అని తెచ్చింది. పైసా ఖర్చులేదు, కాకపోతే ఆ గుమ్మంలోంచి కనిపించే సైట్లే చూడాలి. అంటే డబ్బు ఫ్రీ, మనం కాదు. 2016 ఫిబ్రవరిలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఇలా సైటుకో డేటా ధర కుదరదనేసరికి ఇక్కడ ఫేస్‌బుక్ ఆ దుకాణం కట్టేసింది.

ఇంకో సంగతి. ఈ మాటకి కులగోత్రాల పట్టింపు కూడా ఉంది. మహిళలు జీరో టికెట్ మీద బస్సెక్కితే 'ఫ్రీ' అని మూతి తిప్పుతాం. అలా తిప్పిన పెద్దమనిషే పెద్ద హోటల్లో దిగి మూడు ప్లేట్ల ఇడ్లీ, రెండు ఆమ్లెట్లు లాగించి, అరటిపండు జేబులో వేసుకొస్తాడు. అది ఫ్రీ కాదు, 'కాంప్లిమెంటరీ'. కంపెనీకి ఎకరాలు రాసిస్తే 'ప్రోత్సాహకం'. ఫ్రీ అనే పేరు బస్సు దాటి పైకి పోదు.

మన సంతలో కొసరు ఉండేది. వంకాయలు తూచాక ఇంకోటి పైన వేసేవాళ్లు, చేతికందినంత కరివేపాకు సంచిలో పడేసేవాళ్లు. సరుకు కట్టిచ్చేటప్పుడు అలవాటుగా జరిగిపోయేది, దానికి బోర్డు లేదు, చుక్క గుర్తు లేదు, 'షరతులు వర్తిస్తాయి' అన్న మాటా లేదు. అడిగితే కాస్త విసుక్కునేవాళ్లు కూడా. 2024లో బ్లింకిట్ డెలివరీ యాప్‌లో కొత్తిమీరకి డబ్బు కట్టాల్సొచ్చిందని ఒకతని తల్లి గుండె పట్టుకుందట. కొడుకు ఆ మాట బయటపెడితే, కంపెనీ కూరగాయలతో కొత్తిమీర ఫ్రీ అని ప్రకటించింది. దేశమంతా చప్పట్లు కొట్టింది. మా ఊరి కూరగాయల సూరమ్మ ముప్ఫై ఏళ్లు అదే పని చేసింది, ఒక్కరూ ఈల వేయలేదు.

ఇది రాస్తుండగా బావమరిది ఫోన్ చేశాడు. వాళ్లు ఇల్లు మారుతున్నారు, బీరువాలు రెండు, మూడో అంతస్తు, లిఫ్టు లేదు.

"బావా, ఆదివారం ఫ్రీయేనా?"

"లేదురా. ఈమధ్య బాగా ప్రియం."