తలలు లెక్కపెట్టిన గేటు: ఒక టర్న్‌స్టైల్ ఆత్మకథ

ఆత్మకథ అన్నాక ‘నేను’ అంటూ మొదలుపెట్టాలి. ఈ గేటుకు అది చేతకాదు. పుట్టింది మొదలు వచ్చినవాళ్లను లెక్కపెట్టడమే పని. తనను తాను ఏనాడూ లెక్కలో వేసుకోలేదు. అందుకే సొంత సంగతి కూడా పరాయివాళ్ల సంగతిలాగే చెబుతుంది. చదివేవాళ్లు కాస్త సర్దుకోవాలి.

ఊరు బెరీ. ఇంగ్లండ్‌లో మాంచెస్టర్‌కు ఉత్తరాన, ఒకప్పుడు నూలు మిల్లుల మీద బతికిన ఊరు. అక్కడ గిగ్ లేన్ అనే ఫుట్‌బాల్ మైదానం ప్రహరీలో ఈ గేటు ఉద్యోగం. జాతి టర్న్‌స్టైల్, ఒళ్లు పోత ఇనుము. నడుముకు అడ్డంగా నాలుగు చేతులు. మనిషి తోస్తే పావు చుట్టు తిరిగి ఒక్కణ్ణే లోపలికి వదిలి టక్కున బిగుసుకుంటుంది. పక్కన చీకటి గూట్లో స్టూలు మీద గేటాయన, ఆయన కాలి కింద పెడల్. చిల్లర పలక మీద పడి మోగాకే ఆయన పెడల్ తొక్కుతాడు. అప్పుడు లోపలి పళ్లచక్రాల మీటరు ఒక అంకె ముందుకు జరుగుతుంది. పాత సినిమా హాళ్లలో నేల టికెట్టుకు కట్టిన ఇరుకు సందుల్లో నలిగినవాళ్లకు ఈ గూడు కొత్తగా ఏమీ ఉండదు.

పుట్టుక గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. బెరీకి దగ్గర్లోని సాల్‌ఫర్డ్‌లో ఎలిసన్ అనే కంపెనీ ఇలాంటి గేట్లను ‘రష్ ప్రివెంటివ్’ అని పేరు పెట్టి అమ్మేది. తోపులాట ఆపడానికి పుట్టిన వంశం అని తెలిస్తే చాలు. కొలిమి కబుర్లు ఇనుముకే విసుగు.

చెప్పుకోవలసింది శనివారాల గురించి. మిల్లులు శనివారం ఒంటిపూట కట్టేసేవి. పనివాళ్లు మధ్యాహ్నం మూడింటి ఆటకు నేరుగా వచ్చేసేవాళ్లు. తండ్రులు చంటిపిల్లల్ని చేతుల మీద ఎత్తి గేటు మీదుగా అవతలకి దించేవాళ్లు. గేటాయన అటు తిరిగి దగ్గేవాడు, మీటరు కదిలేది కాదు. ఈ గేటు చేసిన దొంగ లెక్కలేమైనా ఉంటే అవే. సిగ్గుపడటం లేదు.

బెరీ క్లబ్బు 1885లో పుట్టింది. 1900లో ఎఫ్.ఏ. కప్ గెలిచింది. 1903 ఫైనల్లో డర్బీ కౌంటీని 6-0తో చిత్తు చేసి మళ్లీ గెలిచింది. ఆ కప్ ఫైనల్లో అంత తేడాతో గెలిచిన జట్టు తర్వాత 116 ఏళ్లు మరొకటి లేదు. 1960 జనవరి 9న పొరుగూరు బోల్టన్‌తో కప్ మ్యాచ్ పడినప్పుడు గిగ్ లేన్‌కు 35,000 మంది వచ్చారు. ఆ మైదానం రికార్డు అదే. ఈ గేటు చేతులు ఆ రోజు తిరిగినట్టు మళ్లీ తిరగలేదు.

ఈ వంశానికి మాయని మచ్చ కూడా ఒకటి ఉంది. 1989 ఏప్రిల్ 15న షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో మైదానంలో కప్ సెమీఫైనల్ జరిగింది. లెప్పింగ్స్ లేన్ వైపు నిలబడి చూసే 10,100 మందికి పెట్టిన టర్న్‌స్టైళ్లు ఏడు. బయట జనం నలిగిపోతుంటే పోలీసులు పక్కనున్న పెద్ద గేటు తెరిచారు. లోపలికి వెళ్లినవాళ్లు అప్పటికే కిక్కిరిసిన కంచెల మధ్యకు చేరారు. ఆ తొక్కిడిలో 97 మంది ప్రాణాలు పోయాయి. తప్పంతా జనానిదేనని నింద వేశారు. వాళ్ల తప్పు లేదని జ్యూరీ తేల్చేసరికి 2016 వచ్చింది.

ఆ ఘోరం మీద విచారణ జరిపిన జస్టిస్ టేలర్ 1990లో నివేదిక ఇచ్చాడు. పెద్ద మైదానాల్లో అందరికీ కుర్చీలు వేయమన్నాడు. కుర్చీ వేసిన సాకుతో ధర పెంచకండి, ఆరు పౌండ్లకే సీటు ఇస్తున్న మైదానం ఉంది చూడండి అని కూడా అన్నాడు. మొదటి మాట విన్నారు.

అభిమానికీ ఆటకూ ఎక్కడ చెడిందని అడిగితే ఈ గేటు డబ్బు లెక్కతో మొదలుపెడుతుంది. 1983 దాకా ఇంగ్లండ్ లీగులో ఒక పద్ధతి ఉండేది. సొంత మైదానంలో ఆడిన క్లబ్బు గేటు వసూళ్లలో కొంత వాటా ఎదుటి జట్టు చేతిలో పెట్టాలి. చిన్న జట్టు పెద్ద ఊరికి వెళ్లి ఓడినా ఉత్త చేతులతో తిరిగొచ్చేది కాదు. పెద్ద క్లబ్బుల కన్ను పడటంతో ఆ వాటా పోయింది. 1992లో పై డివిజన్ వాళ్లు ప్రీమియర్ లీగ్ అని వేరు కుంపటి పెట్టుకున్నారు. మొదటి అయిదేళ్ల టీవీ బేరం 30.4 కోట్ల పౌండ్లు. 2025 నుంచి నాలుగేళ్లకు ఒక్క బ్రిటన్‌లోనే కుదిరిన బేరం 670 కోట్లు.

ఆ అంకె ముందు గేటు దగ్గర రాలే సొమ్ము చిల్లర. పోనీ చిల్లరే కదా అని జనాన్ని వదిలేశారా అంటే అదీ లేదు. 2016లో లివర్‌పూల్ క్లబ్బు ఒక స్టాండులో టికెట్టు 77 పౌండ్లు చేస్తామంది. ఫిబ్రవరి 6న సండర్‌లండ్‌తో మ్యాచ్. సరిగ్గా 77వ నిమిషంలో వేలమంది లేచి బయటికి నడిచారు. అప్పటికి లివర్‌పూల్ 2-0 ఆధిక్యంలో ఉంది. వాళ్లు వెళ్లాక రెండు గోల్స్ ఇచ్చుకుని 2-2తో సరిపెట్టుకుంది. కొద్ది రోజుల్లోనే యాజమాన్యం క్షమాపణ చెప్పి ఆ ధర వెనక్కి తీసుకుంది. అది చూసి మిగతావాళ్లు బుద్ధి తెచ్చుకున్నారా? 2024 నవంబరులో మాంచెస్టర్ యునైటెడ్, సీజన్ నడుస్తుండగానే, మిగిలిన టికెట్లకు కనీస ధర 66 పౌండ్లు చేసింది. పిల్లలకూ ముసలివాళ్లకూ అదే రేటు. చంటిపిల్లల్ని ఊరికే దాటించిన ఈ గేటుకు ఆ కబురు మింగుడుపడలేదు.

ఆట వేళ కూడా టీవీ చేతిలోకి వెళ్లింది. ఒక ఊరి అభిమాని అయిదు వందల కిలోమీటర్లు పోయి సోమవారం రాత్రి ఎనిమిదింటి ఆట చూస్తే, తిరిగి రావడానికి రైలు ఉండదు. మంగళవారం ఉద్యోగం మాత్రం ఉంటుంది. కప్ పోటీల్లో మ్యాచ్ సమమైతే మళ్లీ ఆడే రీప్లేలను, పెద్ద జట్లకు తీరిక లేదని, 2024-25 నుంచి ప్రధాన రౌండ్లలో ఎత్తేశారు. ఎక్సెటర్ అనే చిన్న క్లబ్బు 2005 జనవరిలో ఓల్డ్ ట్రాఫర్డ్‌కు వెళ్లి మాంచెస్టర్ యునైటెడ్‌ను 0-0తో నిలువరించింది. ఆ మ్యాచ్, సొంతూళ్లో ఆడిన రీప్లే కలిసి తెచ్చిన డబ్బే దాన్ని అప్పుల్లోంచి గట్టెక్కించింది. ఇకమీదట అలాంటి అదృష్టం ఏ చిన్న క్లబ్బుకూ తగలదు.

చివరికి గోలు సంబరానికీ అనుమతి కావలసి వచ్చింది. 2019 ఆగస్టులో ప్రీమియర్ లీగ్‌లోకి వీడియో రిఫరీ దిగాడు. బంతి వలలో పడుతుంది, జనం సగం లేస్తారు, ఆపైన ఎక్కడో గదిలో కూర్చున్నవాళ్లు గీతలు గీసి సరే అనేదాకా అలాగే నిలబడి ఉంటారు. 2024 జూన్‌లో వుల్వ్స్ క్లబ్బు దీన్ని తీసేద్దామని తీర్మానం పెడితే 20 క్లబ్బుల్లో 19 కాదన్నాయి. సీట్లలో ఉన్నవాళ్లను ఓటు అడగలేదు.

బెరీ కూలిందీ ఆ 2019 ఆగస్టులోనే.

2018 డిసెంబరులో ఒక వ్యాపారి ఆ క్లబ్బును ఒక్క పౌండుకు కొన్నాడు. ఒక్క పౌండు! ఈ గేటు ముందు ఆ నాణెం పెడితే పసివాణ్ణి కూడా వదలని కాలం అది. అప్పులు తీర్చే సొమ్ము ఎక్కడినుంచి వస్తుందో లీగుకు తృప్తి కలిగేలా చూపకముందే అమ్మకం అయిపోయింది. వసంతం వచ్చేసరికి ఆటగాళ్లకు జీతాలు ఆగాయి. జీతాల్లేకుండానే ఆడి వాళ్లు జట్టును పై డివిజన్‌కు చేర్చారు. 2019 మే నెలలో, పక్కనే ఉన్న మాంచెస్టర్ సిటీ కప్ ఫైనల్లో వాట్‌ఫర్డ్‌ను 6-0తో ఓడించి బెరీ పాత రికార్డును అందుకుంది. పది మైళ్ల దూరంలో ఒకరికి దేశాల ఐశ్వర్యం, మరొకరికి కరెంటు బిల్లు గండం.

ఆగస్టు చివర్లో క్లబ్బు మాజీ డైరెక్టర్ ఒకావిడ మైదానం గోడ గొట్టానికి తన చేతికి తానే బేడీ వేసుకుని నిలబడింది. ఆమె తండ్రి నలభై ఏళ్లకు పైగా ఆ క్లబ్బులో ఆటగాడిగా, శిక్షకుడిగా బతుకు గడిపినవాడు. అక్కడి ఒక స్టాండుకు ఆయన పేరే. 27న, ఎవరో కొనబోతున్నారన్న ఆశతో, వందలాది మంది చీపుళ్లు, బకెట్లు పట్టుకుని వచ్చారు. శనివారం ఆట ఉంటుందని సీట్లు కడిగారు, మెట్లు ఊడ్చారు. కొంటామన్నవాళ్లు ఆ మధ్యాహ్నమే వెనక్కి తగ్గారు. రాత్రి పొద్దుపోయాక లీగు బెరీని తీసేసింది. 134 ఏళ్ల క్లబ్బు, కడిగిన సీట్ల తడి ఇంకా ఆరలేదు.

మర్నాడు గేట్లకు స్కార్ఫులు కట్టి, పూలు పెట్టి వెళ్లారు. ఆ తర్వాత తాళం.

పని చేస్తూ అరిగిపోవడం వేరు, పని లేక తుప్పుపట్టడం వేరు. మొదటి చలికాలంలో బేరింగులో గ్రీజు గడ్డకట్టింది. రెండో చలికాలానికి చేతుల మీది రంగు పొక్కులు లేచి పెచ్చులు పెచ్చులుగా రాలింది. మీటరు ఏ అంకె దగ్గర ఆగిందో అక్కడే ఉంది. గేటాయన గూట్లో సాలీడు గూడు కట్టింది. స్టూలు ఎవరు పట్టుకుపోయారో తెలియదు. ఆటగాళ్లు జారిపడితే బూటు గీత కనపడేంత నున్నగా ఉండే పచ్చికలో మోకాలెత్తు కలుపు లేచింది. అప్పుడప్పుడు ఒక ముసలాయన శనివారం మూడింటికి వచ్చి, ఇనప చేతిని ఒకసారి తోసి చూసేవాడు. అది కదిలేది కాదు. ఆయన కూడా అది కదలదని తెలిసే తోసేవాడు. దేశమంతా అప్పుడు ఫుట్‌బాల్ వైభవం గురించే మాట్లాడుకుంటోంది. 2021 ఏప్రిల్‌లో పన్నెండు శ్రీమంతుల క్లబ్బులు, అందులో ఆరు ఇంగ్లండువే, కిందకు పడిపోయే భయం లేని సూపర్ లీగ్ పెట్టుకుంటామన్నాయి. వాటి అభిమానులే రోడ్డెక్కి రెండు రోజుల్లో ఆ ముచ్చటకు తెర దించేశారు. వాళ్లకు ఆ రోజు తెలిసిన బాధ బెరీకి రెండేళ్ల ముందే తెలుసు.

ఈమధ్య మాంచెస్టర్‌లో చదువుకునే హైదరాబాదు కుర్రాడొకడు గిగ్ లేన్‌కు వచ్చి, గేటాయనతో మాటలు కలిపాడు. రహీం సాబ్ శిక్షణలో భారత జట్టు 1962 ఆసియా క్రీడల్లో బంగారం గెలవడం, హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్ ఎత్తడం చెప్పాడు. ఇక్కడ బెరీ పోయిన 2019 ఆగస్టులోనే అక్కడ, మూతబడిన పుణె జట్టు స్థానంలో హైదరాబాద్ ఎఫ్.సి. పుట్టింది. 2022 మార్చిలో గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఛాంపియన్ అయింది. మరుసటి ఏడాదికే జీతాల బకాయిలు. 2025లో యాజమాన్యం జట్టును ఢిల్లీకి తరలించి పేరు కూడా మార్చేసింది.

“మీ క్లబ్బు చచ్చిపోయింది పెద్దాయనా, మాది ఊరు మారింది. రెంటికీ టికెట్టు కొన్నవాణ్ణి ఎవరూ అడగలేదు” అన్నాడు కుర్రాడు. గేటాయన ఏమీ అనలేదు. పెడల్ తొక్కి లోపలికి పొమ్మన్నాడు.

అవును, గేటు మళ్లీ తిరుగుతోంది. 2022లో అభిమానులు, కొందరు దాతలు, ప్రభుత్వ నిధి నుంచి వచ్చిన 10 లక్షల పౌండ్లు కూడా కలుపుకుని, మైదానాన్ని కొన్నారు. అప్పటికి రెండుగా చీలిన అభిమాన వర్గాలు ఏకం కావాలా వద్దా అని ఓటు పెడితే మొదటిసారి కుదరలేదు. 2023లో మళ్లీ ఓటు పెడితే కుదిరింది. మూడో అంతస్తు నుంచి పడిన క్లబ్బు తొమ్మిదో అంతస్తులో మొదలుపెట్టింది, అయినా ఆటకు వేలల్లో జనం వచ్చారు. 2025లో ఆ డివిజన్ గెలిచి ఒక మెట్టెక్కింది. అదే జూలైలో క్లబ్బుల యజమానులను, వాళ్ల డబ్బును పరీక్షించే స్వతంత్ర నియంత్రణ సంస్థకు బ్రిటన్‌లో చట్టం వచ్చింది. ఒక్క పౌండుకు క్లబ్బు కొనేవాడి జేబు ఇకనైనా ముందు తడిమి చూస్తారేమో.

అభిమానుల పాలన అంటే అన్నీ బాగుంటాయని ఈ గేటు అనుకోవడం లేదు. బేరింగు మళ్లీ కిర్రుమంటోంది. గ్రీజు పెట్టించండని గేటాయన అడిగితే కమిటీ ముందు పెట్టామన్నారు. కమిటీలో ఇద్దరు టర్న్‌స్టైళ్లు తీసేసి ఫోను చూపిస్తే తెరుచుకునే గేట్లు పెడదామంటున్నారు, ముగ్గురు వద్దంటున్నారు. వచ్చే మంగళవారం సమావేశం. ఆ అయిదుగురూ ప్రతి శనివారం ఈ గేటులోంచే డబ్బిచ్చి లోపలికి వెళ్తారు కాబట్టి, వాళ్లు దాటేటప్పుడు ఇంకాస్త గట్టిగా కిర్రుమనాలని గేటు నిర్ణయించుకుంది.