పేరు పెరిగింది, ఊరు తరిగింది

మొన్న కాకినాడ నుంచి ఓ కుర్రజంట బండి మీద వచ్చారు. "తాతగారూ, పాత ఉప్పాడ ఎక్కడుందండీ?" అని అడిగారు. చెయ్యెత్తి సముద్రం వైపు చూపించాను. ముసలాడు పరాచికాలాడుతున్నాడనుకుని నవ్వేసి, రాళ్ళగుట్ట మీద నిలబడి ఫొటోలు దిగి వెళ్ళిపోయారు. పరాచికం కాదర్రా, నేను పుట్టిన ఇల్లు అక్కడే ఉండేది. ఇప్పుడక్కడ వలలేస్తున్నారు.

మా రోజుల్లో సముద్రానికి వెళ్ళడమంటే ఓ ప్రయాణం. ఇళ్ళు దాటితే సరుగుళ్ళు, సరుగుళ్ళు దాటితే ఇసక. మిట్టమధ్యాహ్నం చెప్పుల్లేని కాళ్ళతో పరిగెత్తి, మంట ఓర్చుకోలేక తువ్వాలు కిందేసుకుని దాని మీద నిలబడి, అరికాళ్ళు చల్లారాక మళ్ళీ పరుగు. ఇప్పటి పిల్లలకి ఆ అవస్థ లేదు. సముద్రమే గుమ్మంలోకొచ్చి కాళ్ళు కడుగుతోంది. గుళ్ళు పోయాయి, బంగళాలు పోయాయి, కొబ్బరితోటలు పోయాయి, వీధికి వీధే పోయింది. తుపానొచ్చినప్పుడల్లా కాకినాడ బీచ్ రోడ్డు కోసుకుపోతుంది. మళ్ళీ వేస్తారు, మళ్ళీ కోసుకుపోతుంది.

అడిగేవాడెవడు? మాకు మున్సిపాలిటీ లేదు, ఉన్నది పంచాయతీ. మండలానికైనా మా పేరు నిండుగా పెట్టారా అంటే యు.కొత్తపల్లి అన్నారు. ఆ పొట్టి 'యు'లో ఇరుక్కున్నది మేమే. 2022లో తూర్పు గోదావరి జిల్లా నుంచి విడదీసి కాకినాడ జిల్లాలో కలిపారు. ఆ సంగతి కెరటానికి ఎవరూ చెప్పినట్టు లేదు.

మా పెద్దాళ్ళు గంగమ్మకి కోపమొచ్చిందనేవారు. చదువుకున్న ఇంజినీర్లు వచ్చి అసలు లెక్క చెప్పాక నాకు కోపమొచ్చింది. గోదారి తెచ్చిన ఇసక ఒడ్డు వెంబడి దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుందట. ఆ ఇసకే మా తీరానికి తిండి. నది పొడుగునా ఆనకట్టలు కట్టి ఒండ్రుని ఎక్కడికక్కడ ఆపేశాం. వచ్చిన కాస్తా కాకినాడ ముందర హోప్ ఐలాండ్ దగ్గర మేట వేసుకుంటోంది. పదహారు కిలోమీటర్ల ఆ ఇసకదిబ్బ కాకినాడకి గొడుగు. గొడుగు కిందవాడు తడవడు, అంచు నుంచి కారే నీళ్ళన్నీ పక్కవాడి నెత్తినే. దానికి తోడు రేవు కోసం సముద్రంలోకి కట్టిన రాతిగోడలు. మాకు మాత్రం ఒడ్డున పెద్దపెద్ద గుడ్డగొట్టాల్లో ఇసక నింపి పేర్చారు. జియో ట్యూబట. ఇసక దొంగని ఇసక మూటతో ఆపడం! నాలుగు తుపాన్లకి గొట్టాలు చిరిగాయి, మూట కూడా దొంగకే దక్కింది.

ఇక తుపాను మర్నాడు చూడాలి మా ఒడ్డు. ఆడా మగా, పిల్లా జెల్లా దువ్వెనలు పట్టుకుని తడి ఇసక దువ్వుతుంటారు. బియ్యపుగింజలో సగం లేని పసుపుపచ్చటి రేకు కనబడితే పమిటచెంగున ముడేసుకుంటారు. మునిగిపోయిన ఇళ్ళలోదీ గుళ్ళలోదీ బంగారం అది అంటారు. మా నాయనమ్మ ముక్కుపుడక అలాగే ఎవరి కొంగుకో చేరి ఉంటుంది.

మా రోజులన్నీ బంగారమని మాత్రం అనను, మా ఇంటావిడ ఊరుకోదు. 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుపానుకి ఈ తీరాన వెయ్యిమందికి పైగా పోయారు. వేటకెళ్ళిన బోట్లెన్నో తిరిగి రాలేదు. ఇప్పుడు ముందే ఫోన్లో కబురొస్తోంది, బోట్లు ఒడ్డునే ఉంటున్నాయి. అది మంచి మార్పే. ఒప్పుకుంటాను.

ఒప్పుకోనిది చీర సంగతి. నాది మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని బతికిన బతుకు. మా చిన్నప్పుడు తెల్లారకుండానే వీధి పొడుగునా పడుగు చాపి, గంజి పట్టించి, కుంచెతో దువ్వేవాళ్ళు. ఆ వీధి ఇప్పుడు చేపలది. మేం నేసే జాందానీ అంటే అచ్చు గుద్దడం కాదు. ఇద్దరం పక్కపక్కన కూర్చుని, ప్రతి పువ్వుకీ విడిగా పోగు చేత్తో దూర్చి, పక్కపోగు కదలకుండా నెయ్యాలి. పనిని బట్టి చీరకి పది రోజులు పట్టొచ్చు, రెణ్ణెల్లు పట్టొచ్చు. 2009లో ఉప్పాడ జాందానీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇప్పుడు హైదరాబాదులో ఏ కొట్లో చూసినా 'ఉప్పాడ పట్టు' బోర్డే. మరమగ్గం మీద పొద్దున మొదలెట్టి సాయంత్రానికి దించిన చీరకి కూడా మా ఊరి పేరే!

సముద్రంతో నేను తగువు పెట్టుకోలేను గానీ, మీరు ఒక్క పని చెయ్యగలరు. ఉప్పాడ చీర అని చెప్పి ఎవరైనా చేతిలో పెడితే తిరగేసి చూడండి. పువ్వు రెండు వైపులా ఒకేలా ఉండాలి. వెనక పోగులు వేలాడుతుంటే మడత పెట్టి కొట్టువాడికే ఇచ్చెయ్యండి, అది మాది కాదు.