చూపుడువేలి గోరు ఆత్మకథ

దీర్ఘకాలపు దురద ఉన్న శరీరంలో ఆ బాధకు అతి చేరువగా మెలిగేది గోరు కాబట్టి, ఒక ఉపాధ్యాయిని కుడిచేతి చూపుడువేలి గోరు తన జీవితాన్ని ఇక్కడ ప్రథమ పురుషలో చెప్పుకొంటున్నది. వేలి చర్మపు మడత కింద దాగిన గోటి మూలంలో అది పుట్టింది. అక్కడ తయారయ్యే కణాలు కెరటిన్ అనే గట్టి ప్రోటీనుతో నిండి, జీవం కోల్పోయి, పలకగా ఒత్తుకొని, నెలకు సుమారు 3 మిల్లీమీటర్ల చొప్పున ముందుకు జరుగుతాయి. మూలం నుంచి కొస దాకా గోరు పూర్తిగా పెరగడానికి దాదాపు ఆరు నెలలు పడుతుంది. ఆరు వారాలు దాటి నిలిచిన దురదను వైద్యులు దీర్ఘకాలికమని లెక్కిస్తారు గనుక, ఈ గోరు పెరుగుదల చాలామటుకు అటువంటి దురదలోనే గడిచిందని చెప్పాలి. దాన్ని ధరించిన ఉపాధ్యాయినికి చిన్ననాటి నుంచి అటోపిక్ డెర్మటైటిస్ ఉన్నది. మోచేతి మడతల్లోనూ మోకాళ్ల వెనుకా మెడ మీదా చర్మం పొడిబారి, ఎర్రబారి, తెరలు తెరలుగా దురదపెట్టే ఈ వ్యాధిని జనం ఎగ్జిమా అంటారు, కొందరు పొరపాటున గజ్జి అని కూడా అంటారు.

ఏళ్ల తరబడి గోకే, రుద్దే చేతుల గోళ్లు రంగు వేయకుండానే పాలిష్ పట్టినట్టు మెరుస్తాయి. ఈ గోరూ అలాగే మెరిసింది. తాను పెద్దగా గోకనని రోగి చెప్పినా, అనుభవం గల చర్మవైద్యుడు ఆమె చేతులను వెలుతురులో తిప్పి చూసి అసలు సంగతి గ్రహిస్తాడు.

గోకాలనే కోరికను పుట్టించే అసౌఖ్యమే దురద అని 1660లో జర్మన్ వైద్యుడు సామ్యూల్ హాఫెన్‌రెఫర్ చెప్పిన నిర్వచనం నేటికీ చెల్లుతున్నది. నిర్వచనంలోనే గోకడం చేరి ఉండటం వల్ల, ఆ నాటి నుంచి గోటికి ఈ శాస్త్రంలో చోటు ఉన్నదన్నమాట. చాలాకాలం దురదను సన్నని నొప్పిగా భావించారు. అయితే చర్మంలో పరచుకొని ఉండే సి-ఫైబర్లలో, అంటే పై పొర లేని అతి సన్నని నాడీ తంతువులలో, కొన్ని హిస్టమిన్ అనే రసాయనం తగిలినప్పుడు దురద సంకేతాన్ని నెమ్మదిగా మోసుకుపోతాయని 1997లో నిరూపితమైంది. 2007లో సెయింట్ లూయిస్‌లో జౌ-ఫెంగ్ చెన్ బృందం, వెన్నుపాములోని ఒక గ్రాహకం లేని ఎలుకలు నొప్పిని మామూలుగానే తెలుసుకుంటూ దురదకు మాత్రం చాలా తక్కువగా గోక్కుంటాయని చూపడంతో, దురదకు వేరే దారి ఉన్నదన్న మాట బలపడింది.

హిస్టమిన్ ఒక్కటే కారణం కాదనడానికి తెలుగు పల్లెలకు బాగా తెలిసిన సాక్ష్యం దూలగొండి. దాని కాయల మీది నూగు ఒంటికి తగిలితే పుట్టే దురదకు ప్రోటీన్లను కోసే ఒక ఎంజైము మూలమని 1955లో షెల్లీ, ఆర్థర్ అనే పరిశోధకులు తెలిపారు. అది హిస్టమిన్ కదిలించే తంతువులను కాక వేరే తంతువులను కదిలిస్తుందని తరువాత తేలింది. దద్దుర్లు లేచినప్పుడు బాగా పనిచేసే అలర్జీ మాత్ర ఎగ్జిమా దురదను అంతగా తగ్గించలేకపోవడానికి కారణం ఇక్కడే ఉన్నది. ఆ మాత్రలతో నిద్రమత్తు కలిగిందే తప్ప, ఈ గోటికి పని తగ్గలేదు.

ఎగ్జిమాకు ఒక ముఖ్య మూలం చర్మపు కంచె బలహీనపడటంలో ఉన్నది. పై పొరను గట్టిగా కట్టి ఉంచి తేమను నిలిపే ఫిలాగ్రిన్ అనే ప్రోటీను జన్యువులో లోపాలు ఉన్నవారికి ఈ వ్యాధి ముప్పు ఎక్కువని 2006లో స్పష్టమైంది. కంచె సడలిన చోట నీరు ఆవిరైపోతుంది, సబ్బూ ధూళీ సూక్ష్మజీవులూ లోపలికి చొరబడతాయి, రక్షణకు వచ్చిన తెల్లకణాలు ఇంటర్‌ల్యూకిన్-4, 13, 31 అనే సంకేత పదార్థాలను విడుదల చేస్తాయి. వీటిలో 31వది నేరుగా నాడులనే తాకి దురద పుట్టిస్తుంది. అప్పుడు గోరు వస్తుంది. గోకినప్పుడు కలిగే సన్నని నొప్పి వెన్నుపాములో దురద సంకేతాన్ని కాసేపు అణచివేస్తుంది, ఆ హాయి నిజమైనదే. అయితే అదే సమయంలో చర్మకణాలు చిట్లి మరిన్ని వాపు పదార్థాలను వదులుతాయి, కంచె ఇంకా తెగుతుంది, దురద రెట్టింపై తిరిగి వస్తుంది. గోటి కింద దాగే స్టాఫిలోకాకస్ ఆరియస్ అనే బాక్టీరియా కూడా ఆ గీతల్లోకి చేరుతుంది. అది విడుదల చేసే ఒక ఎంజైము నాడులను నేరుగా రేపి దురద కలిగిస్తుందని 2023లో హార్వర్డ్ పరిశోధకులు ఎలుకల్లో చూపారు. ఇలా నెలలు గడిచేసరికి ఆ ఉపాధ్యాయిని మెడ మీది చర్మం మందమై, నల్లబడి, గీతలు లోతుగా తేలాయి. దీన్నే వైద్యులు లైకెనిఫికేషన్ అంటారు.

రాత్రిళ్లు మరీ కష్టం. చీకటి పడ్డాక ఒంట్లో సహజంగా వాపును అణచే కార్టిసోల్ తగ్గుతుంది, చర్మం వెచ్చబడుతుంది, తేమ ఎక్కువగా పోతుంది, మనసును మళ్లించే పని ఉండదు. నిద్రలోనే గోకినందువల్ల తెల్లవారి దుప్పటి మీద రక్తపు చారలు కనిపిస్తాయి. ఇంట్లోవారు "గోకొద్దు" అని మందలించడం ప్రేమతోనే అయినా, అది రోగికి అపరాధభావాన్ని మాత్రమే మిగులుస్తుందనీ, దురదకు వైద్యం చేయకుండా గోకుడును నిషేధించడం క్రూరమనీ ఈ గోరు గట్టిగా నమ్ముతున్నది.

దురద అంతా ఎగ్జిమా కాదు. గజ్జి పురుగు చర్మంలో సొరంగం తవ్వి గుడ్లు పెట్టినప్పుడు ఇంట్లో పలువురికి ఒకేసారి దురద మొదలవుతుంది. అప్పుడు పర్మెత్రిన్ క్రీమును ఇంటిల్లిపాదీ ఒకేరోజు, గోళ్ల కింద కూడా, రాసుకోవాలి. ఒంటి మీద మచ్చ ఏదీ లేకుండా వారాల తరబడి దురద ఉంటే మూత్రపిండాలు, కాలేయం, థైరాయిడ్ సమస్యలు, రక్తంలో ఇనుము లోపం, అరుదుగా లింఫోమా వంటి రక్తసంబంధ క్యాన్సర్లు కూడా కారణం కావచ్చు కాబట్టి, పరీక్షలు చేయించుకోకుండా లేపనాలు మారుస్తూ పోవడం ప్రమాదం.

చికిత్స వేలితోనే మొదలైంది. గొట్టం నుంచి చూపుడువేలి కొస మొదలు మొదటి గీత వరకు పిండిన క్రీము సుమారు అర గ్రాము ఉంటుంది, వేళ్లతో సహా పెద్దవారి రెండు అరచేతులంత చర్మానికి అది సరిపోతుంది. వైద్యుడు ఈ కొలత నేర్పిన రోజు నుంచి ఆమె అవసరమైనంత స్టెరాయిడ్‌ను ధైర్యంగా రాసుకోగలిగింది. అంతకుముందు మెడికల్ షాపులో అడిగి కొన్న మిశ్రమ క్రీములో ఘాటైన స్టెరాయిడ్, యాంటీబయాటిక్, శిలీంధ్రనాశని కలిసి ఉండేవి. అలాంటివి తామర అనే శిలీంధ్ర వ్యాధిని పైకి కనిపించకుండా దాచి లోలోపల పెంచుతాయి, చర్మాన్ని పలుచబరుస్తాయి. వైద్యుని సలహాతో స్నానం గోరువెచ్చని నీటితో, కొద్దిసేపే జరిగింది. ఒళ్లు పూర్తిగా ఆరకముందే వాసన లేని మాయిశ్చరైజరు పట్టించడం రోజూ రెండుసార్ల అలవాటైంది. మెడ వంటి సున్నిత భాగాలకు టాక్రోలిమస్ లేపనం వచ్చింది. ఇవి చాలని వారికి 311 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి చికిత్స ఉన్నది, ఇంటర్‌ల్యూకిన్-4, 13ల గ్రాహకాన్ని అడ్డగించే డూపిలుమాబ్ అనే ఇంజెక్షన్ 2017 నుంచి అమెరికాలో ఆమోదంలో ఉన్నది, జేఏకే నిరోధకాలు అనే మాత్రలు ఉన్నాయి. వీటి ఖర్చు భారతదేశపు మధ్యతరగతి కుటుంబాలను వెనుకంజ వేయిస్తున్నదన్నది విచారించవలసిన విషయం.

గోరును మాత్రం వారానికోసారి పొట్టిగా కత్తిరించి అంచు గుండ్రంగా రుద్దారు. రుద్దుడు తగ్గాక మూలం నుంచి వచ్చిన కొత్త పలక మసకగా, మామూలుగా ఉన్నది, మెరుపు కొస వైపు జరిగిపోతున్నది. మెడ మీది మచ్చ చదునైన తరువాత కూడా ఆ ప్రదేశానికి వారానికి రెండుసార్లు క్రీము రాయమని వైద్యుడు చెప్పాడు, ఎందుకంటే పైకి మానిన చర్మంలో వాపు ఇంకా మిగిలి ఉంటుంది. ఆమె ఆ రెండు రోజులను గోడ క్యాలెండరులో గుర్తు పెట్టుకొని మరీ రాసుకొంటున్నది.