ఎండుటాకుల కరువు

కంపోస్టు మొదలుపెట్టినవాళ్ళకి త్వరలోనే ఓ సంగతి తెలిసొస్తుంది. కొంపలో చెత్తకి కొదవ లేదు, కరువంతా ఎండుటాకులకే. సొరకాయ తొక్కలు, ములక్కాడ చివర్లు, వాడేసిన టీపొడి పూటపూటా వంటింట్లోంచి వచ్చిపడుతూనే ఉంటాయి. ఇదంతా నత్రజని సరుకు. దీన్ని తినిపెట్టే సూక్ష్మజీవులకి ఒక పాలు నత్రజనికి పాతిక, ముప్ఫై పాళ్ళు కర్బనం పడాలిట. మా పెళ్ళప్పుడు పెదమామగారు కూడా ఇంత లెక్కగా అడగలేదు. ఆ కర్బనం ఎండుటాకుల్లో ఉంటుంది. లెక్కలు రానివాళ్ళు గిన్నెడు తొక్కలకి రెండు గిన్నెల ఎండుటాకులు వేస్తే చాలు. ఆ ఆకులు హైదరాబాదులో మూడో అంతస్తుకి ఎక్కణ్ణించి ఊడిపడతాయి?

ఆకులు వేయకపోతే ఏమవుతుందో ఎదురు ఫ్లాట్ వదినగారు చూపించారు. మిద్దె తోట మోజులో కొత్త బకెట్ కొని, బెజ్జాలైనా పెట్టకుండా మూత బిగించి, నెల్లాళ్ళు తొక్కలు నింపారు. "వదినగారూ, ఓసారి వచ్చి చూద్దురూ, లోపల ఏదో చచ్చినట్టుంది" అన్నారు, ముక్కుకి చెంగు అడ్డం పెట్టుకుని. మూత తీస్తే కుళ్ళిన కోడిగుడ్డు కంపు. చచ్చిందేమీ లేదు, గాలాడని చోట బతికే బాక్టీరియా కాపురం పెట్టింది. అడుగున నల్లటి నీళ్ళు, పైన లావుపాటి పురుగులు. అవి సోల్జర్ ఈగ పిల్లలనీ, కుట్టవనీ, మనకి సాయమే చేస్తాయనీ చెబుదామని తిరిగేసరికి ఆవిడ సోఫా ఎక్కేసి ఉన్నారు.

బకెట్‌కి బెజ్జాలు కొట్టించి, ఎండుటాకులు కలిపి, కాస్త పుల్లమజ్జిగ చిలకరించాం. పిడికిట్లో పిండితే ఒకటో రెండో చుక్కలు రావాలి, ధార కట్టకూడదు. కంపు పోయింది. పోయినవి నా బస్తాలోని ఆకులు కూడా.

"దీనికింత రాద్ధాంతమా?" అంటారు మా అత్తయ్యగారు. "మా నాన్న అన్నీ పెరటి దిబ్బ మీద పారేసి, మళ్ళీ తొలకరి ముందు బండికెత్తేవాడు." నిజమే, ఆవిడకి పెరడుంది, ఏడాది ఓపికుంది. నాకు బాల్కనీలో ఓ మూల ఉంది.

బకెట్లో ఇంకో తిరకాసు. పెద్ద కుప్పయితే లోపల 60 డిగ్రీల దాకా కాగి గింజలు చస్తాయి. బకెట్ గోరువెచ్చన దాటదు. గులాబీ కుండీలో ఎరువు వేస్తే టమాటా, గుమ్మడి మొలిచి గులాబీని మూలకి నెట్టాయి. మా వారు టమాటాకే నీళ్ళు పోస్తున్నారు, తను నాటినట్టు.

భోగినాడు మంటలో ఆకులు కాలుతుంటే అందరూ చలి కాచుకుంటారు, నాకు కడుపు మండుతుంది. అందుకే మా వాచ్‌మన్ ఊడ్చినవి తగలబెట్టకుండా బస్తాకి టీ డబ్బులిస్తానని ఒప్పందం చేసుకున్నాను. మొన్న బస్తా కోసం దిగితే కుర్చీలోంచి లేవలేదు.

"ఎదురింటి మేడమ్ ముప్పై ఇస్తనన్నది. మీరెంతిస్తరు?"